మెల్కియర్ గొంతులో ఉన్నది బలం ఒక్కటేనా?

మీరు అడిగినది ఇది: డెన్మార్క్ గాయకుడు లౌరిట్స్ మెల్కియర్ పాడిన, జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఆపెరా (సంగీత నాటకం) ‘వాల్క్యూరె’ మొదటి అంకం విన్నారు, అందులో ‘వెల్జె, వెల్జె’ అంటూ ఆయన పెట్టే రెండు కేకలు మీకు సంగీతంలా కాక గొంతు బలాన్ని చాటుకోవడంలా తోచాయి, అయినా హెల్డెన్‌టెనర్లలో ఆయనకు సాటి లేరని వందేళ్ళుగా అందరూ ఎందుకంటున్నారో అర్థం కాలేదు. కొత్తగా వినేవారు ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలని కూడా అడిగారు. నేను ఆపెరా గాయకుణ్ణి కాను. చిన్నతనంలో ఎనిమిదేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకుని, ఉద్యోగంలో పడి వదిలేసినవాణ్ణి. ఆ ఉద్యోగమే నన్ను కొన్నాళ్ళు వియన్నాలో ఉంచింది కాబట్టి అక్కడి ఆపెరాలో నిలుచుని చూసే చవక టిక్కెట్టు కొనుక్కుని వాగ్నర్ నాటకాలన్నీ చూశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా వింటున్న అలవాటుతో చెబుతున్న మాటలుగా వీటిని తీసుకోండి.

ముందు ఆ పేరు సంగతి. జర్మన్‌లో ‘హెల్డ్’ అంటే వీరుడు. వాగ్నర్ తన నాయక పాత్రలకు రాసిన సంగీతాన్ని మోయగల టెనర్‌ను, అంటే ఎత్తు స్వరాలు పాడే మగ గొంతును, హెల్డెన్‌టెనర్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే, పాశ్చాత్యుల ‘సి’ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకోండి, అంటే మనవాళ్ళు ఒకటో శ్రుతి అనేది. మామూలు టెనర్ తారస్థాయిలో ధైవత నిషాదాల దాకా తేలికగా వెళ్ళి, అవసరమైతే ఆ పై షడ్జమాన్ని కూడా అందుకుంటాడు. బారిటోన్ గొంతు దానికన్నా బరువైనది, తారస్థాయి పంచమం దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా దాని సామర్థ్యం నిండుకుంటుంది. హెల్డెన్‌టెనర్‌కు కావలసినది ఈ రెండింటి కలయిక. మధ్యస్థాయిలో బారిటోన్ బరువు ఉండాలి, తారస్థాయి గాంధార మధ్యమాల చుట్టూ గంటల తరబడి తిరుగుతూ ఉండాలి, అలా తిరిగి అలసిన తరువాత కూడా పై ధైవతాన్ని పీలగా పోకుండా నిలబెట్టాలి. మనలో గాత్రం నేర్చుకున్నవారికి ఇది ఎంత విపరీతమైన కోరికో వేరే చెప్పనక్కరలేదు. గొంతు ఒక రకం పలుకు నుంచి ఇంకో రకం పలుకుకు మారే మలుపు సరిగ్గా అక్కడే ఉంటుంది, వాగ్నర్ తన నాయకుణ్ణి ఆ మలుపులోనే కాపురం పెట్టిస్తాడు.

దానికి తోడు వాద్యబృందం. ‘వాల్క్యూరె’, ‘జీగ్‌ఫ్రీడ్’ చేరిన ‘నీబెలుంగ్ ఉంగరం’ నాటకాలకు వాగ్నర్ అడిగిన తంత్రీవాద్యాలే 64, హార్న్‌లు ఎనిమిది, హార్ప్‌లు ఆరు. వీటన్నిటి మీదుగా మైకు లేకుండా గొంతు వినిపించాలి. ఇది ఉత్త బలంతో సాధ్యమయ్యే పని కాదు. ఆర్కెస్ట్రా శబ్దశక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల పోగుపడి, ఆ పైకి పోయేకొద్దీ తగ్గిపోతుందనీ, సాధన చేసిన గాయకుడి గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకమైన ఒక మెరుపు ఏర్పడుతుందనీ, అందువల్లనే ఒక్క గొంతు వంద వాద్యాలను దాటుకుని ప్రేక్షకుడి చెవికి చేరుతుందనీ స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ వివరించాడు. అరిచేవాడి గొంతులో ఆ మెరుపు ఉండదు. అరుపు దగ్గరివాళ్ళకు చెవులు పగిలేలా ఉంటుంది, చివరి వరుసకు మాత్రం చేరదు. మైకులు రాని రోజుల్లో పద్యనాటకాలు ఆడినవారి గురించి మా తాతగారు ఇదే మాట మరోలా అనేవారు: దగ్గర కూర్చుంటే మామూలుగానే ఉంటుంది, ఊరి చివర నుంచి వింటే ఖంగుమంటుంది అని.

ఈ కొలతలకు సరిపోయే గొంతు ఎంత అరుదో చూడండి. వాగ్నర్ నాటకం ‘ట్రిస్టాన్’ను 1865 జూన్‌లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడినప్పుడు నాయకుడిగా పాడిన లుడ్‌విగ్ ష్నోర్ ఫాన్ కారోల్స్‌ఫెల్డ్ నాలుగు ప్రదర్శనలు ఇచ్చి, ఆ మరుసటి నెలలోనే 29 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ పాత్రే ఆయన్ని చంపిందని లోకం చెప్పుకుంది. వైద్యపరంగా అది ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టినా, ఆ తరువాత తరతరాల టెనర్లు ఆ పాత్రను చూసి భయపడ్డారన్న మాట మాత్రం నిజం. అలాంటి ట్రిస్టాన్‌ను మెల్కియర్ రంగస్థలం మీద రెండు వందల సార్లకు పైగా పాడాడు.

ఇక ఆయన కథకు వస్తాను. మెల్కియర్ 1890 మార్చి 20న కోపెన్‌హాగెన్‌లో పుట్టాడు. 1913లో అక్కడి రాయల్ థియేటర్‌లో ‘పాల్యాచి’ నాటకంలో సిల్వియోగా తొలిసారి పాడినప్పుడు ఆయన టెనర్ కాదు, బారిటోన్. కొన్నేళ్ళ తరువాత ‘ఇల్ త్రొవతోరే’లో ప్రభువు పాత్ర పాడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నాయిక గొంతు బాగాలేకపోతే, ఆమె అందుకోవలసిన పై షడ్జమాన్ని ఈయన అందుకుని ఆదుకున్నాడట. అదే నాటకంలో పాడుతున్న అమెరికన్ గాయని మదాం కాహియే అది విని, ఈ మనిషి బారిటోన్ కాదు, మూత పెట్టిన టెనర్ అని చెప్పి, అతనికి సెలవూ భృతీ ఇచ్చి మళ్ళీ చదివించమని థియేటర్ వారికి ఉత్తరం రాసింది. వారు ఆ మాట మన్నించారు. డెన్మార్క్‌లో పేరున్న టెనర్ విల్హెల్మ్ హెరోల్డ్ దగ్గర సాధన చేసి, 1918 అక్టోబరులో అదే వేదిక మీద ‘టాన్‌హాయిజర్’ నాయకుడిగా, అంటే టెనర్‌గా, మళ్ళీ తొలిసారి నిలబడ్డాడు.

నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు ఈ అయిదేళ్ళలోనే ఉంది. ఆయన గొంతు కింది నుంచి పైకి కట్టుకుంటూ వచ్చిన గొంతు. పై స్వరాలు సహజంగా పలికే కుర్రవాణ్ణి తెచ్చి, బరువు పెంచమని తోస్తే ఏమవుతుందో వాగ్నర్ గాయకుల చరిత్ర నిండా కనిపిస్తుంది: నాలుగేళ్ళు వెలిగి, ఆ తరువాత గొంతులో వణుకు మొదలై, అయిదో ఏటికి ఇంటిదారి పడతారు. మెల్కియర్ మాత్రం ముందు మధ్యస్థాయిని స్థిరం చేసుకుని, ఆ పునాది కదలకుండా దాని మీద పై అంతస్తు వేసుకున్నాడు. మా గురువుగారు తెల్లవారుజామున మమ్మల్ని లేపి, సూర్యుడు వచ్చేదాకా మంద్రస్థాయి దాటనిచ్చేవారు కాదు. తారస్థాయి అదే వస్తుందిరా, నువ్వు తొందరపడి వెళ్ళి పిలవకు అనేవారు. పదేళ్ళ వయసులో అది శిక్షలా ఉండేది. మెల్కియర్ రికార్డులు వినడం మొదలుపెట్టిన తరువాతనే ఆయన ఎందుకలా అనేవారో నాకు తెలిసివచ్చింది.

టెనర్‌గా మారిన వెంటనే ఆయనకు అన్నీ అమరిపోలేదు. 1920లో లండన్‌లో ఆయన పాట విన్న ఆంగ్ల నవలాకారుడు హ్యూ వాల్పోల్ ముచ్చటపడి, మరికొన్నేళ్ళ చదువుకు డబ్బు పెట్టాడు. ఆ అండతో విక్టర్ బైగెల్ దగ్గరా, బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ గ్రెంట్సెబాఖ్ దగ్గరా, వాగ్నర్ పాత్రల మర్మం ఎరిగిన గాయని అన్నా బార్-మిల్డెన్‌బుర్గ్ దగ్గరా నేర్చుకున్నాడు. ముప్ఫై దాటిన మనిషి, సొంత ఊళ్ళో పేరు సంపాదించుకున్నవాడు, మళ్ళీ విద్యార్థిలా ముగ్గురు గురువుల ముందు కూర్చోవడం చిన్న సంగతి కాదు. 1924లో ఆ సాధనకు ఫలం దక్కింది. మే నెలలో లండన్ కోవెంట్ గార్డెన్ ఆపెరా హౌస్‌లో ‘వాల్క్యూరె’ నాయకుడు జీగ్‌మండ్‌గా, ఆ వేసవిలోనే, మొదటి ప్రపంచ యుద్ధంతో మూతపడి మళ్ళీ తెరుచుకున్న, వాగ్నర్ నాటకాలకే అంకితమైన బైరాయిట్ ఉత్సవంలో పాడాడు. 1926 ఫిబ్రవరి 17న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో అడుగుపెట్టాడు. అక్కడ 1950 ఫిబ్రవరి దాకా అయిదు వందలకు పైగా ప్రదర్శనలు ఇచ్చాడు, దాదాపు అన్నీ వాగ్నర్ పాత్రలే.

ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ రెండు కేకల దగ్గరికి వద్దాం. నాటకంలో ఆ సందర్భం తెలియకుండా వింటే అవి అరుపులలాగే ఉంటాయి, అందులో మీ తప్పేమీ లేదు. జీగ్‌మండ్ ఆయుధం పోగొట్టుకుని, తుఫానులో పారిపోయి వచ్చి, తెలియక శత్రువు హుండింగ్ ఇంట్లోనే తలదాచుకుంటాడు. అతిథి కాబట్టి ఈ రాత్రికి విడిచిపెడుతున్నాను, తెల్లవారితే యుద్ధం అని హుండింగ్ చెప్పి పడుకుంటాడు. ఆరిపోతున్న పొయ్యి ముందు జీగ్‌మండ్ ఒంటరిగా మిగులుతాడు. కష్టకాలంలో నీకు కత్తి దొరుకుతుందని ఒకప్పుడు తండ్రి మాటిచ్చాడు. ఆ తండ్రి పేరే వెల్జె. ‘వెల్జె! వెల్జె! నీ కత్తి ఎక్కడ?’ అన్నది తప్పిపోయిన తండ్రిని ఒక కొడుకు పిలిచే పిలుపు. వాగ్నర్ మొదటి పిలుపును, మనం పెట్టుకున్న శ్రుతిలో, తారస్థాయి ప్రతిమధ్యమం మీద పెట్టి, రెండోదాన్ని అర మెట్టు పైకి, పంచమం మీదికి జరిపాడు. ఆ అర మెట్టులోనే ఉంది నాటకమంతా. మొదటిసారి పిలిస్తే జవాబు రాలేదు, అందుకని రెండోసారి ఇంకొంచెం పైకి ఎగబాకి పిలుస్తున్నాడు.

ఆ పంచమాన్ని మెల్కియర్ ఎలా నిలబెడతాడో చెవి పెట్టి వినండి. ముఖ్యంగా 1940 మార్చిలో బాస్టన్ నుంచి ప్రసారమైన మెట్రోపాలిటన్ ప్రదర్శనలో ఒక్కో పిలుపు పది సెకన్లు దాటిపోతుంది. స్వరం మొదలైనప్పుడు ఉన్న నిండుదనమే చివరిదాకా ఉంటుంది, ఎక్కడా వణుకు రాదు, శ్రుతి కిందికి జారదు. ‘వెల్’ అనే అక్షరంలోని అచ్చు మొదట ఎలా ఉందో గుక్క అయిపోయేటప్పుడు కూడా అలాగే ఉంటుంది. గొంతు బిగబట్టి అరిచేవాడికి అచ్చు మారిపోతుంది, ‘ఎ’కారం కాస్తా ‘ఆ’కారంలోకి జారి, చివరికి ఏ అక్షరమో తెలియని ధ్వని మిగులుతుంది. ఇక్కడ అది జరగదు. సాధన చేసినవారు ఒకసారి ఇంట్లో తలుపు వేసుకుని పది సెకన్లు ప్రయత్నించి చూస్తే, నేను ఇక్కడ రాసినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

అయితే వాగ్నర్ రాసిన కాలప్రమాణం అంత కాదు. అది మెల్కియర్ తీసుకున్న స్వేచ్ఛ, జనం ముందు తన సొత్తును చూపించుకోవాలన్న సరదా కూడా అందులో ఉంది. ఆ సరదాను నేను సమర్థించను, కాని దాన్ని క్షమించడం నాకు కష్టంగా లేదు. మన నాటకాల్లో పద్యం చివర రాగం తీస్తూ ఉంటే వన్స్‌మోర్ అంటూ ఈలలు వేసిన జాతివాళ్ళం, మనం దీన్ని నేరంగా చూస్తే బాగుండదు.

నిజమైన లోపాలు వేరే ఉన్నాయి. మెల్కియర్‌కు తాళం మీద పట్టు అంతంతమాత్రం. ఒక్కోచోట వాద్యబృందాన్ని నడిపే కండక్టరు కన్నా ముందు పరుగెడతాడు, ఇంకోచోట వెనకబడతాడు, అర మాత్ర విలువలను మింగేస్తాడు. తరువాతి రోజుల్లో రిహార్సళ్ళకు రావడం మీద ఆసక్తి తగ్గిందన్న ఫిర్యాదు కూడా ఉంది. ఎత్తుగా, భారీగా ఉండే ఆ విగ్రహం వేదిక మీద అంతగా కదిలేది కాదు. మెట్రోపాలిటన్‌లో ఆ రోజుల్లో ‘ట్రిస్టాన్’ను సంపూర్ణంగా ఆడేవారు కాదు, రెండో, మూడో అంకాలలో పెద్ద పెద్ద భాగాలు కత్తిరించేవారు, కాబట్టి రెండు వందల ట్రిస్టాన్‌లన్నప్పుడు ఆ కత్తిరింపులను కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం. ఈ సంగతులు దాచిపెట్టి పొగిడేవారిని నేను నమ్మను. అయితే 1930లో బైరాయిట్‌లో ‘ట్రిస్టాన్’ నిర్వహించినవాడు ఇటలీ కండక్టరు టోస్కనీని. తాళం విషయంలో ఎవ్వరినీ వదిలిపెట్టని ఆ మనిషి నాయకుడిగా నిలబెట్టుకున్నది మెల్కియర్‌నే. ఆ గొంతు ముందు ఆయన కూడా కొంత ఓర్చుకున్నాడనే నేను అనుకుంటాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పొరపాటు సరిదిద్దుతాను. వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ చివర హంస లాగే పడవ నాయకుడు ఎక్కకముందే కదిలి వెళ్ళిపోతే, ‘తరువాతి హంస ఎన్నింటికి?’ అని అడిగిన టెనర్ మెల్కియర్ అని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ హాస్యం మరో టెనర్ లియో స్లెజాక్ పేరు మీద ప్రసిద్ధి. హాస్యప్రియత్వంలో మెల్కియర్ కూడా తక్కువవాడు కాదు కాబట్టి ఆయనకు అంటగట్టి ఉంటారు. 1940లలో హాలీవుడ్ సంగీత చిత్రాల్లో కూడా సరదా పాత్రలు వేశాడు. దాన్ని చిన్నచూపు చూసిన విమర్శకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు.

కిర్స్‌టెన్ ఫ్లాగ్‌స్టాడ్‌ను గురించి చెప్పకపోతే ఈ జవాబు సగంలోనే ఆగినట్టు. నార్వేకు చెందిన ఆ గాయని 1935 ఫిబ్రవరిలో మెట్రోపాలిటన్‌కు వచ్చింది. కొద్ది రోజులకే మెల్కియర్ పక్కన ‘ట్రిస్టాన్’ నాయిక ఇజోల్డెగా నిలబడింది. అప్పటి నుంచి 1941లో ఆవిడ నార్వేకు తిరిగి వెళ్ళేదాకా, ఆర్థిక మాంద్యం దెబ్బకు ఖాళీ కుర్చీలు చూస్తున్న ఆ థియేటర్‌లో ఈ జంట పాడే రోజున టిక్కెట్లు దొరికేవి కావు. ఇద్దరివీ ఒకే తూకం గొంతులు. ‘ట్రిస్టాన్’ రెండో అంకంలో, రాత్రిని తమపై దిగిరమ్మని ఇద్దరూ కలిసి మెల్లగా వేడుకునే చోట, ఈ ఏనుగంత గొంతు ఎంత సన్నగా, ఎంత నిమ్మళంగా తగ్గగలదో వినండి. బలమైన గొంతును పెంచడం కన్నా, పలచబడకుండా తగ్గించడం కష్టం. 1936లో ఫ్రిట్స్ రైనర్ నిర్వహణలో కోవెంట్ గార్డెన్‌లో ఇద్దరూ పాడిన ‘ట్రిస్టాన్’ దొరుకుతుంది. శబ్దం పాతదే, గీతలు పడ్డట్టు గరగరలాడుతుంది, పది నిమిషాలు ఓర్చుకుంటే చెవి దానికి అలవాటుపడుతుంది.

వియన్నాలో ఒక సాయంత్రం ‘జీగ్‌ఫ్రీడ్’ చూసినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ నాటకం నాలుగు గంటల సంగీతం, నాయకుడు దాదాపు అంతసేపూ వేదిక మీదే ఉంటాడు. మొదటి అంకం చివర కొలిమిలో కత్తి సాగగొడుతూ సుత్తి దెబ్బల మధ్య పాడాలి, రెండో అంకంలో రాక్షస సర్పాన్ని చంపాలి, మూడో అంకం చివరి అరగంటలో మాత్రమే నిద్ర లేచే బ్రున్‌హిల్డె పక్కన నిలబడి పాడాలి. ఆవిడ అప్పుడే లేచింది, గొంతు కడిగిన ముత్యంలా ఉంటుంది. ఇతను మూడు గంటలకు పైగా పాడి ఉన్నాడు. ఆ రోజు పాడిన గాయకుడు మంచివాడే, ఆయన పేరు ఎత్తను. మొదటి అంకంలో కొలిమి పాటకు మేమంతా ఉప్పొంగిపోయాము. చివరి అరగంటకు వచ్చేసరికి ఆయన పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబికి కనిపిస్తున్నాయి, మాకు వినిపిస్తున్నది మాత్రం ఆవిడ ఒక్కర్తే. నా పక్కన కమ్మీ పట్టుకుని నిలుచున్న ముసలాయన తల వంచుకుని తన బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంటికి వెళ్ళి మెల్కియర్ 1930 ప్రాంతంలో ఇచ్చిన జీగ్‌ఫ్రీడ్ రికార్డులు పెట్టుకుని విన్నాను. స్టూడియోలో ముక్కలుగా పాడినవి కాబట్టి ఆ పోలిక అన్యాయమని నాకూ తెలుసు. కాని ఆయన వేదిక మీద ఆ పాత్రను వంద సార్లకు పైగా చివరిదాకా మోసినవాడే. ఆ తరువాత వచ్చినవారిలో వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్ తెలివిగా, తేలికపాటి గొంతుతో నెగ్గుకొచ్చాడు, జాన్ విక్కర్స్ నటనలో, వేదనలో మెల్కియర్‌ను మించాడని కూడా నేను ఒప్పుకుంటాను. కాని నాలుగో గంటలో మొదటి గంట గొంతు వినిపించినవాడు మెల్కియర్ తరువాత నాకు ఎవరూ తగల్లేదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న. 1935 జూన్‌లో వియన్నాలో బ్రూనో వాల్టర్ నిర్వహణలో, నాయిక జీగ్‌లిండెగా లోటె లేమన్, హుండింగ్‌గా ఎమాన్యుయెల్ లిస్ట్ పాడిన ‘వాల్క్యూరె’ మొదటి అంకంతో మొదలుపెట్టండి. ఒక్కో పక్క నాలుగైదు నిమిషాలే పట్టే ఆనాటి రికార్డుల మీద ముక్కలుగా చేసినదైనా, అతుకులు కనిపించవు. అందులో మీరు కేకల కోసం ఎదురుచూడకండి. అవి దాటిన తరువాత తలుపు తెరుచుకుని వెన్నెల లోపలికి వచ్చినప్పుడు జీగ్‌మండ్ పాడే వసంత గీతం వినండి. ఆ పాటలో స్వరాలు ఎక్కువ భాగం మధ్యస్థాయిలోనే, ఒకప్పటి బారిటోన్ నడిచిన దారిలోనే ఉంటాయి. గొంతు ఎక్కడా బరువు దింపుకోదు, అలాగని బరువు మోస్తున్నట్టూ వినిపించదు. లేమన్ జవాబు అందుకునేటప్పుడు ఆయన తన చివరి అక్షరాన్ని ఎలా విడిచిపెడతాడో గమనించండి. దాని తరువాత 1936 ‘ట్రిస్టాన్’, ఆ తరువాతనే 1940 బాస్టన్ ప్రసారం.

అన్నిటికన్నా చివర 1960 నాటిది వినండి. డెబ్బై ఏళ్ళు నిండిన సందర్భంగా కోపెన్‌హాగెన్‌లో డేనిష్ రేడియో ఆర్కెస్ట్రాతో, టోమస్ యెన్సెన్ నిర్వహణలో, ఇదే మొదటి అంకం మళ్ళీ పాడాడు. మెట్రోపాలిటన్ వదిలి అప్పటికి పదేళ్ళు. పూర్వపు నునుపు లేదు, అక్కడక్కడా గొంతులో జీర ఉంది, తాళం ఎప్పటిలాగే తన ఇష్టం. వెల్జె అన్న పిలుపు వచ్చినప్పుడు మాత్రం చేతిలో పని పక్కన పెట్టండి. ముందు ప్రతిమధ్యమం, ఆ తరువాత పంచమం, రెండూ శ్రుతిలోనే ఉన్నాయి.